సంగీతమునకు భాష లేదా?

సంగీతము వేరు, రాజకీయము వేరు అని మనవారిలో పలువురి అభిప్రాయము. సభలో తంబుర శ్రుతి కలియగనే బయటి తగవులన్నియు గుమ్మము వద్ద చెప్పులతోబాటు విడిచిపెట్టి వచ్చితిమని వారి భావము. వినుటకిది చక్కగనే యున్నది. కాని చరిత్ర దీనికి సాక్ష్యము పలుకదు. పాట ఏ భాషలో పుట్టవలెను, దానిని ఎవరు పాడవలెను, వేదిక మీద ఎవరు కూర్చుండవలెను, ఎదుట ఎవరు కూర్చుండి వినవలెను అను ప్రశ్నలకు సమాధానము చెప్పునవి సప్తస్వరములు కావు. రాజులు, ధనికులు, సభలు, ప్రభుత్వములు చెప్పుచు వచ్చినవి.

తెలుగు సీమకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మనకిది కేవలము పండితుల ముచ్చట కాదు. తమిళదేశమున ఇంటి గడప దాటిన పిమ్మట తెలుగు మాట గౌరవముతో వినబడు చోట్లలో కచేరీ వేదిక మొదటిది. ఆ వేదిక మీద తెలుగునకు స్థానమెట్లు కలిగెను? 1940 ప్రాంతమున దానికెదురైన వివాదమెట్టిది? ఆనాడు తెలుగు కృతుల పక్షమున చెప్పబడిన వాదము నిలుచునదేనా? ఈ మూడు విషయములను ఇచ్చట విచారింపదలచితిమి.

కావేరీ తీరమున తెలుగు సంగీతభాష యగుట తనంతట తాను జరిగినది కాదు. విజయనగర ప్రభువుల పాలనలో 1532 ప్రాంతమున తంజావూరున నాయకరాజ్యము ఏర్పడెను. రఘునాథ నాయకుడు తాను కవి, వైణికుడు. ఆయన కుమారుడగు విజయరాఘవుని ఆస్థానమున మువ్వగోపాల పదకర్త క్షేత్రయ్య సత్కారములందెను. 1673లో ఆ రాజ్యము అంతరించి కొలది యేండ్లకే మరాఠాల యేలుబడి వచ్చెను. పాలకుల భాష మారినను ఆస్థానపు పాట భాష మారలేదు. మరాఠీ మాతృభాషగా గల శాహజీ మహారాజు, తమిళ ప్రజల నడుమ సింహాసనమున కూర్చుండి, తెలుగులో పల్లకి సేవా ప్రబంధమును రచించెను. భారతదేశ చరిత్రలో ఇట్టి వింత అరుదు. దీనిని భాషాభిమానమని మురిసిపోవుటకు ముందు, ఇది రాజాశ్రయ ఫలమని గుర్తింపవలెను. నాడు తెలుగు ప్రభువులు మెచ్చిన భాష. అందుచేత విద్వాంసులు పాడిన భాష.

త్యాగరాజస్వామి (1767–1847) రాజసభకు వెలుపల నిలిచినవాడు. శరభోజి మహారాజు పంపిన కానుకలను నిరాకరించి కల్యాణి రాగమున ప్రసిద్ధమైన కృతిని పాడెనని సంప్రదాయగాథ. ఈ గాథ యందు సంగీతము రాజకీయమును తిరస్కరించినట్లు మనము చెప్పుకొందుము. నిజమే. కాని స్వామి తిరస్కరించినది రాజధనమును. ఆ రాజుల కాలమున మూడు వందల యేండ్లుగా ఆ నేలను వేళ్లూనిన తెలుగును కాదు. ఆయన కృతులను పదిలపరచిన శిష్యపరంపరలు మూడును తమిళదేశపు ఊళ్ల పేర్లతోనే వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లైస్థానము అని పిలువబడుచున్నవి. ఆ శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. దీక్షితుల వంశీయుడగు సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని యను మహాగ్రంథమును 1904లో ప్రకటించినది తెలుగుననే; ప్రకటించిన చోటు తిరునల్వేలి సీమలోని ఎట్టయపురము. ఆ సంస్థానాధిపతులు తెలుగు మూలము గల కంబళ నాయకులు. అనగా ఇరువదవ శతాబ్ది ఆరంభమునకు కూడ దక్షిణాది సంగీతశాస్త్రమునకు తెలుగు లిపి ఇంటి లిపియై యుండెను.

ఆ పిదప శ్రోత మారెను. రాజు పోయి సభ వచ్చెను. బహుమానము పోయి టిక్కెట్టు వచ్చెను. 1927లో మద్రాసున జరిగిన కాంగ్రెసు మహాసభతోబాటు అఖిల భారత సంగీత సమ్మేళనము జరిగెను. దాని ఫలముగా 1928లో మద్రాసు సంగీత అకాడమీ వెలసెను. దేశోద్యమమే సంగీత సభకు తల్లి యైనదన్నమాట! టిక్కెట్టు కొని ముందు వరుసలో కూర్చున్న తమిళ గృహస్థు ఒకనాడు తన్ను తాను ప్రశ్నించుకొనెను: “నేను మూడు గంటలు వినుచున్నాను, ఇందులో నాకు అర్థమైన మాటలెన్ని?” ఈ ప్రశ్నను అందరికంటె ముందుగ గట్టిగా అడిగినవాడు మహాకవి సుబ్రహ్మణ్య భారతి. తెలుగు సొంపును తన పాటలోనే మెచ్చుకొనినవాడగుటచే ఆయనను తెలుగు ద్వేషి యనుటకు వీలులేదు. అర్థము తెలియని కొలది పాటలనే తిరిగి తిరిగి పాడుచు, మాటలను చిత్రవధ చేయు విద్వాంసులపై ఆయనకు కోపము. ఆ కోపము న్యాయమైనదని మా అభిప్రాయము.

ఈ ప్రశ్నయే 1941 నాటికి తమిళ ఇసై ఉద్యమమై నిలిచెను. ‘ఇసై’ యనగా సంగీతము. చెట్టినాడు రాజా సర్ అన్నామలై చెట్టియారు తాము స్థాపించిన విశ్వవిద్యాలయము వేదికగా సమ్మేళనము జరిపి, తమిళ పాటల రచనకును ప్రచారమునకును ధనమిచ్చిరి. 1943లో మద్రాసున తమిళ ఇసై సంఘము ఏర్పడెను. రాజాజీ, టి. కె. చిదంబరనాథ మొదలియారు, రచయిత కల్కి మొదలగు వారు దీనికి అండగా నిలిచిరి. మనవారు కొందరు ఈ ఉద్యమమును ఒక పార్టీ పన్నిన పన్నుగడగా నేటికిని తలంచుచుందురు. అది సరికాదు. 1938లో పాఠశాలలలో హిందీని ప్రవేశపెట్టి తమిళాభిమానుల ఆగ్రహమునకు గురియైన రాజాజీయే మూడేండ్లకు తమిళ పాట పక్షమున మాటలాడిరి. కోరిక అంత విశాలమైనది. శీర్కాళి అరుణాచల కవిరాయరు రామనాటకమును, గోపాలకృష్ణ భారతి నందనార్ చరిత్రమును రచించియుండగా, వానిని కచేరీ చివర తుక్కడాల వరుసలో పది నిమిషములకు కుదించుట తమిళులకు అవమానముగా తోచుటలో ఆశ్చర్యమేమున్నది? మన పదములకే ఆ గతి పట్టియుండిన మనమూరకుందుమా?

సంగీత అకాడమీ దీనికి చెప్పిన బదులు ప్రసిద్ధము. 1941 సమావేశమున అచ్చటి విద్వత్సంఘము, శాస్త్రీయ సంగీతపు ఉన్నత ప్రమాణమును కాపాడుటయే అందరి లక్ష్యము కావలెననియు, భాషా విచారములు ఆ ప్రమాణమును తగ్గింపరాదనియు తీర్మానించెను. అది క్రమముగా జనుల నోట “సంగీతమునకు భాష లేదు” అను చిన్న వాక్యముగా మారెను. ఆ సంవత్సరమే సంగీత కళానిధి గౌరవమును పొందినవారు మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారగుట విశేషము. నాయుడుగారు వాయులీనమును అందుకొనినప్పుడు నిజముగనే భాష అక్కరలేదు. తమిళుడైనను తెలుగువాడైనను ఏ భాషయు రానివాడైనను తలయూపును. కాని గాత్రము వాయులీనము కాదు. గాయకుడు నోరు తెరచినంతనే మాట వచ్చును. మాట వచ్చినచోట అర్థము రావలెను.

ముప్పది సంవత్సరములకు పైగా జాబులకు జవాబులు వ్రాసినవారము గనుక ఒక్క సంగతి చెప్పగలము: వచ్చిన జాబులో అడిగినదానికి గాక వేరొకదానికి వ్రాసిన జవాబు ఎంత అందముగా నున్నను ఫైలు మూతబడదు. తమిళ శ్రోత అడిగినది “నాకు అర్థమగునట్లు పాడరాదా?” అని. అతనికి వచ్చిన జవాబు “సంగీతమునకు అర్థముతో పనిలేదు” అని. ఆ జవాబును తెలుగువారిలో పలువురు తమ విజయముగా భావించి సంతోషించిరి. అచ్చటనే పొరపాటు.

ఏమందురా? ఆ వాదమును అక్షరాల అంగీకరించి చూతము. సంగీతమునకు భాష లేనిచో తెలుగు కృతికి మారుగా తమిళ కృతి పాడిన నష్టమేమి? రాగము అదియే, తాళము అదియే. ఏ భాషయైన నొకటే యైనప్పుడు వినువారి భాషయే యుండరాదా? కాబట్టి ఈ వాదము తెలుగునకు కోటగోడ కాదు, గోడకు చేసిన కన్నము. తెలుగు కృతిని వేదిక మీద నిలిపినది. నిలుపుటకై అందులోని తెలుగును వెలయిచ్చినది. ఇంటిని నిలిపి ఇంటివారిని వెళ్లగొట్టిన చందమున, శబ్దము మిగిలి అర్థము వెళ్లిపోయెను.

మన శాస్త్రము ఈ మాటను ఒప్పదు. పాటను కట్టువానికి శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరమున చెప్పిన పేరు వాగ్గేయకారుడు. వాక్కు మాతువు, గేయము ధాతువు. రెండును చేయువాడే వాగ్గేయకారుడు. ఆ పేరులో వాక్కే ముందు. త్యాగరాజస్వామి కృతులలో మందలింపు, ఎత్తిపొడుపు, బుజ్జగింపు, అలుక, వేడుకోలు కలవు. రామునితో ఇంటివానివలె మాటలాడును. ఒకచోట పిలుచును, ఒకచోట నిలదీయును. సంగతులు ఒకదానిపై నొకటి పెరుగుట గొంతు నేర్పు చూపుటకు కాదు. ఒకే మాటను ఒకసారి ఆర్తితో, ఒకసారి నిష్ఠురముతో, ఒకసారి చనువుతో పలుకుటకు. మాట తెలియని వానికి ఈ సంగతులు లెక్కలవలె వినబడును. మాట తెలిసిన వానికి మనిషి కనబడును. తెలుగు కృతిని తెలుగుననే పాడవలెననుటకు ఇదియే గట్టి కారణము. మరియొక భాషలోనికి మార్చిన ఆ పలుకుబడి చెడును. సంగీతమునకు భాష లేదు గనుక గాక, ఈ సంగీతమునకు ఈ భాషయే ప్రాణము గనుక దీనిని నిలుపవలెను. అట్లు చెప్పువానికి ఒక బాధ్యత వచ్చును. వినువారికి ఆ మాటను తెలియజెప్పవలెను. భాష లేదను వాదమున ఆ బాధ్యత లేదు; అందుచేతనే అది అందరికిని అంతగా నచ్చెను.

ఇంతమాత్రమున తమిళ ఇసై వాదులు చెప్పినదంతయు ఒప్పుకొనుచున్నామని కాదు. తిరువారూరున పుట్టి తిరువయ్యారున జీవించి అచ్చటనే సిద్ధిపొందిన మహనీయుని పాటను ‘అన్యభాష’ యనుట అన్యాయము. నాలుగు శతాబ్దులు ఒకే వీధిలో కాపురమున్నవాడు పొరుగువాడే గాని పరదేశి కాడు. పాటలను భాషవారీగా పంచి ఎవరి వంతు ఎంతయని కొలుచుట కొలమానములలో చిన్నది; అది రసమును కొలువదు. అయినను వారు తమ భాషకై చేసిన పని గట్టిది. పాతపాటలను వెదకి స్వరపరచిరి, అచ్చొత్తించిరి, పిల్లలకు నేర్పిరి, పాపనాశం శివను వంటి వాగ్గేయకారులను ఆదరించిరి. ఆ కాలమున మనవారు చేసినదేమి? తీర్మానమును చూచి తృప్తి చెందుట.

తరువాతి రాజకీయము త్వరగా నడచెను. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న మద్రాసున ప్రాణత్యాగము చేసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడెను. మద్రాసు తమిళులకు మిగిలెను. ఉమ్మడి రాజధానిలో సగము హక్కుదారులుగా నున్న తెలుగువారు ఒక్కనాటిలో అల్పసంఖ్యాకులైరి. అప్పటికి పలువురు భయపడినట్లు తెలుగు కృతి వేదిక దిగిపోవలేదు. ప్రతి పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారున పంచరత్నములు నేటికిని వందలాది గొంతులతో మ్రోగుచున్నవి. ఆ యైదింటిలో నాటరాగ కృతి సంస్కృతము. తక్కిన నాలుగును తెలుగు. పాట పోలేదు. పోయినది వేరు.

1904లో తెలుగు లిపిలో వెలువడిన ఆ సంప్రదాయ ప్రదర్శినినే సంగీత అకాడమీ 1961 నుండి తమిళ లిపిలో సంపుటములుగా ప్రకటించెను. అది మంచిపనియే, చదువువారున్న లిపిలోనే పుస్తకముండవలెను. కాని అచ్చటి తెలుగు పిల్లలును నేడు ఆ లిపిలోనే తెలుగు పాట చదువుచున్నారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరము. కొన్ని పుస్తకములలో భేదము తెలియుటకు అక్షరముల ప్రక్కన అంకెలు వేయుదురు. అంకె చూడని పిల్లవానికి ‘గానము’ ‘కానము’ అగును, ‘భక్తి’ ‘పక్తి’ అగును. పక్తి యనగా వంట! ‘రాముని’ అను మాటను తాళము కొరకు ‘రా’ యని ఒకచోట ఆపి ‘ముని’ యని మరియొకచోట ఎత్తుకొందురు. పాడువారికి తెలియకయే రాముడు పోయి ఒక మునీశ్వరుడు ఆహ్వానింపబడును. ఇందుకు తమిళ విద్వాంసుని తప్పుపట్టుటకు మనకు నోరెక్కడిది? అతనికది పరభాష. మన పిల్లలకును అది పరభాష యగుచున్నది. 2006లో వచ్చిన శాసనము ననుసరించి తమిళనాట పాఠశాలలలో తమిళము తప్పనిసరి భాగమయ్యెను. తెలుగు మాధ్యమపు బడులకును తెలుగు చదువు విద్యార్థులకును దానివలన కలిగిన చిక్కులు న్యాయస్థానముల వరకు పోయినవి. బడిలో లిపి పోయిన పిదప వేదిక మీద భాష ఎంతకాలము నిలుచును? పాటకును రాజకీయమునకును సంబంధము లేదనువారు ఈ ఒక్క విషయమును ఆలోచించినను చాలును.

భాషను సంగీతమును కలిపి కాపాడినవారు లేకపోలేదు; వారిలో ముఖ్యులు తెలుగు సీమకు వెలుపల నిలిచినవారే యగుట మనకు గర్వకారణము. మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుండి 1949 వరకు తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు కవిత్వమునకును గానమునకును సమానముగా అధికారులు. అన్నమాచార్యుల సంకీర్తనములకు వారు స్వరకల్పన చేసినప్పుడు మాటను విరువకుండ రాగమును నడిపించిరి. 1974లో సంగీత కళానిధులైరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు ముద్దుపళని రాధికా సాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించి దొరతనమువారి నిషేధమునకు గురియైరి. ఆమెయే పిదప తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధి మందిరమును కట్టించిరి. అచ్చటి ఆరాధనలో స్త్రీలకు పాడు హక్కు లేకుండుటకు తలయొగ్గక, స్త్రీలచే వేరుగా ఆరాధన జరిపించిరి. 1941 నాటికి ఆ అడ్డు తొలగెను. తెలుగు గ్రంథమును అచ్చొత్తించిన చేయియే తెలుగు పాటకు గుడి కట్టెను. మాట వేరు, పాట వేరు అని ఆమె తలంపలేదు.

స్వామి కృతులకు ఆంగ్లమున అర్థమును వ్రాసి 1957లో మద్రాసున పెద్ద గ్రంథమును వెలువరించిన సి. రామానుజాచారి, వి. రాఘవన్ గార్లు తెలుగువారు కారు. “నాకు అర్థము కావలెను” అను ప్రశ్నకు నిజమైన జవాబు అదియే. ఆ జవాబు తెలుగు సంఘములనుండి రావలసియుండెను.

ఇపుడైనను చేయదగిన పని కలదు. మన సంఘములు ఏటేట జరుపు త్యాగరాజోత్సవములలో ప్రతి కృతికి ముందు రెండు నిమిషములు దాని భావమును స్థానిక భాషలో చెప్పింపవలెను. తమిళనాట తమిళమున, కర్ణాటకమున కన్నడమున, ఒడిశాలో ఒడియాలో, మహారాష్ట్రమున మరాఠీలో. పొరుగువానికి అర్థము చెప్పినచో మన భాష చిన్నబోదు. పాటల పోటీలలో పిల్లలకు స్వరశుద్ధికి మార్కులిచ్చునట్లే పదశుద్ధికిని ఇవ్వవలెను. పాడిన చరణమునకు భావమును తెలుగున చెప్పగలవానికి మొదటి బహుమానమియ్యవలెను. సంగీత తరగతిలో మొదటి నెల సరళీ వరుసలతోబాటు అచ్చులును హల్లులును నేర్పవలెను. వీనికి పెద్ద విరాళములు అక్కరలేదు. చాపలు పరచిన ఒక గది చాలును.

ఇంకొకటి. మన వైష్ణవ గృహములలో ధనుర్మాసమున తెలుగు లిపిలో తిరుప్పావై చదువుట వాడుక. అది తమిళము; చదువువారిలో పలువురికి మాట మాటకు అర్థము రాదు. అయినను పెద్దలు తెలుగున వ్యాఖ్యానములు వ్రాసిరి, గుడిలో దినమునకొక పాశురము చొప్పున విప్పి చెప్పుదురు. అందుచే ఆ తమిళము మనకు పరాయిది కాలేదు. ఆండాళ్ కథను శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగున పాడెను. తమిళ గోదను మనము ఏ దారిన మన ఇంటికి తెచ్చుకొంటిమో, తెలుగు త్యాగయ్యను తమిళ శ్రోత ఇంటికి ఆ దారిననే పంపవలెను. రాజుల యాజ్ఞ నేడు లేదు. సభల తీర్మానములు భాషను నిలుపజాలవు. అర్థము తెలిసిన శ్రోత యొక్కడు ముందు వరుసలో కూర్చున్నచో గాయకుడు మాటను విరుచుటకు జంకును. అట్టి శ్రోతలను తయారుచేయు భారము మనది. సంఘ సభ్యులు దీనిని ఆలోచింతురు గాక.